మంచి టార్చిలైటు కోసం: దుకాణంలో తేలేదేమిటి, ఆన్‌లైన్‌లో తేలేదేమిటి

టార్చిలైటు కొనబోయేవారికి దుకాణం ఒక రకమైన సమాచారాన్ని ఇస్తుంది, ఆన్‌లైన్ అమ్మకపు పేజీ మరో రకమైన సమాచారాన్ని ఇస్తుంది. స్విచ్చి ఎలా పడుతోంది, వెనక మూత సాఫీగా తిరుగుతోందా, వెలుగు రంగు కంటికి నచ్చుతోందా అన్నవి చేతిలోకి తీసుకున్న నిమిషంలోనే తేలిపోతాయి. గంట వెలిగాక ఆ వెలుగులో ఎంత మిగులుతుంది, లోపలున్న బ్యాటరీ మీద రాసిన సామర్థ్యం నిజమేనా, వర్షంలో వాడితే లోపలికి నీరు దిగుతుందా అన్నవి మాత్రం దుకాణంలో నిలబడి ఎంతసేపు చూసినా తేలవు. వాటికి కొలతలు కావాలి, ఆ కొలతలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. రెండు చోట్లా చూసిన మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఇది: రోజూ నమ్ముకుని వాడవలసిన టార్చిని తయారీదారు సొంత సైటులోనో, వారు అధికారికంగా పేర్కొన్న విక్రేత దగ్గరో ఆన్‌లైన్‌లో కొనడం మేలు, కాని మనకు ఏ రకం టార్చి కావాలో తేల్చుకోవడానికి దుకాణాన్ని మించినది లేదు.

మామూలు ఎలక్ట్రికల్ దుకాణాల్లోనూ హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ కనిపించే టార్చిలు చాలావరకు మూడు తెగలకు చెందుతాయి. ప్లాస్టిక్ బాడీతో, సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీతో, వెనక నుంచి బయటికి లాగే ప్లగ్గు పిన్నులతో వచ్చే రీచార్జబుల్ టార్చి వాటిలో మొదటిది. దీనితో వచ్చే ఇబ్బంది కొన్న తరువాత కాదు, కొనకముందే మొదలవుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జి లేకుండా నెలల తరబడి పడి ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడి, ఆ మేరకు సామర్థ్యం తిరిగిరాకుండా పోతుంది. అందువల్ల పెట్టె ఎంత కొత్తగా ఉన్నా అరలో ఎంతకాలం ఉన్నదో తెలియని టార్చి సగం ముసలిదై ఉండవచ్చు. ఇంతకన్నా పట్టించుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఈ తరహా చవక టార్చిల్లో చాలా వాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్ అడ్డుపెట్టి కరెంటును తగ్గించి బ్యాటరీకి ఎక్కిస్తారు కనుక, చార్జింగ్‌లో ఉన్నంతసేపూ లోపలి భాగాలన్నీ మెయిన్స్ కరెంటుతో నేరుగా కలిసి ఉన్నట్టే లెక్క. బాడీ పగిలిన అలాంటి టార్చిని ప్లగ్గులో ఉండగా ముట్టుకోవడం ప్రమాదం. ఈ రకాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

రెండవది జూమ్ టార్చి. అల్యూమినియం బాడీ, ముందుకూ వెనక్కూ జరిగే లెన్సు, పెట్టె మీద పెద్ద పెద్ద అంకెలు దీని గుర్తులు. అమ్మేవారు లెన్సును ముందుకు లాగి దూరపు గోడ మీద పదునైన అంచులున్న ఒక చదరపు వెలుగు ముక్కను చూపిస్తారు, చూసేవారు ముచ్చటపడతారు. ఆ చదరం మరేదో కాదు, ఎల్‌ఈడీ చిప్పు ఆకారమే లెన్సు గుండా పెద్దదై గోడ మీద పడుతోంది. లెన్సు ముందుకు జరిగినప్పుడు ఎల్‌ఈడీ నుంచి పక్కలకు వెళ్లే వెలుగు లెన్సుకు తగలకుండా గొట్టం లోపలి గోడలకు తగిలి వృథా అవుతుంది. పైగా ముందుభాగం జరిగిన ప్రతిసారీ లోపలి గాలి బయటికీ, బయటి గాలి లోపలికీ పోవాలి కాబట్టి దాన్ని నీరు చొరకుండా బిగించడం కష్టం. మూడవది ఏఏ సైజో, డి సైజో సెల్లు వేసుకునే పాత పద్ధతి టార్చి. వెలుగు తక్కువే అయినా ఈ మూడింటిలో నిజాయితీ గలది ఇదే. దీన్ని కొనేటప్పుడు వెనక మూత తీసి స్ప్రింగును చూడాలి. ప్రదర్శన కోసం అందులోనే వదిలేసిన ఆల్కలైన్ సెల్లు కారితే పొటాషియం హైడ్రాక్సైడు స్ప్రింగునూ లోహపు భాగాలనూ తినేస్తుంది, తెల్లటి పొడి రూపంలో ఆ జాడ కనిపిస్తుంది.

దుకాణాలన్నీ ఇలాగే ఉంటాయని అనుకోనక్కరలేదు. పనికోసం టార్చి కొనేవారు ఎక్కడికి వెళతారో అక్కడ సరుకు వేరుగా ఉంటుంది. పారిశ్రామిక భద్రతా పరికరాలు అమ్మేచోట, ట్రెక్కింగ్ సామగ్రి అమ్మేచోట, వాహనాల మరమ్మతు పనిముట్లు అమ్మేచోట ఫీనిక్స్, నైట్‌కోర్, లెడ్‌లెన్సర్, స్ట్రీమ్‌లైట్ వంటి తయారీదారుల టార్చిలు దొరికే అవకాశం ఎక్కువ. అక్కడి అమ్మకందారుకు ఒక మోడల్ గురించి ఏ ఫిర్యాదు వచ్చిందో, ఏది మళ్లీ అడిగి కొన్నారో గుర్తుంటుంది. అయితే అలాంటి దుకాణంలోనూ ఎంపిక ఒకటి రెండు మోడళ్లకు మించకపోవచ్చు, అవి కూడా కొంత పాత మోడళ్లై ఉండవచ్చు. ఎల్‌ఈడీలు, చార్జింగ్ పద్ధతులు త్వరత్వరగా మారే ఈ సరుకులో నిదానంగా కదిలే అర ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

దుకాణంలో ఉన్నప్పుడు చూడవలసినవి చూడకుండా బయటికి రావడం మాత్రం అన్యాయం. మొదట స్విచ్చి సంగతి. ఒకే చేత్తో, చూడకుండా, తడి వేళ్లతో వెలిగించగలమా? చేతి తొడుగు వేసుకునే పనిలో ఉన్నవారు పక్కన ఉండే చిన్న ఎలక్ట్రానిక్ బటను కన్నా వెనక ఉండే పెద్ద స్విచ్చిని ఇష్టపడతారు. ఎలక్ట్రానిక్ స్విచ్చి ఉన్న టార్చి ఆరి ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి కరెంటు తాగుతూనే ఉంటుంది. మంచి టార్చిలో అది పట్టించుకోనవసరం లేనంత తక్కువ, నాసిరకం దానిలో కొన్ని వారాలకే బ్యాటరీని ఖాళీ చేసేంత ఎక్కువ. తరువాత వెనక మూతను విప్పి బిగించి చూడాలి. మరచుట్లు గరగరలాడకుండా తిరగాలి, మధ్యలో రబ్బరు వాషరు కనిపించాలి. అది లేనప్పుడు పెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా అర్థం లేదు.

వెలుగు విషయానికి వస్తే, తెల్ల గోడ మీద వేసి చూస్తే మధ్యలో ఉన్న కాంతివంతమైన మచ్చ, దాని చుట్టూ పరచుకున్న పలుచని వెలుగు విడివిడిగా కనిపిస్తాయి. దగ్గరి పనికి ఆ చుట్టుపక్కల వెలుగు ముఖ్యం, దూరం చూడటానికి మధ్య మచ్చ ముఖ్యం. మధ్యలో నల్లటి వలయమో, ఆకుపచ్చ ఛాయో కనిపిస్తే వదిలేయవచ్చు. వేగంగా వెలిగి ఆరిపోతూ మసకను నటించే టార్చిలు చాలా ఉన్నాయి కనుక, తక్కువ వెలుగు మోడ్‌లో పెట్టి సెల్‌ఫోను కెమెరాతో చూడాలి. తెర మీద నల్లటి చారలు పరుగెత్తుతుంటే ఆ వెలుగులో ఎక్కువసేపు పని చేయడం కళ్లకు శ్రమ. చివరగా ఆ వెలుగును సొంత అరచేతి మీద వేసుకోవాలి. చర్మం పాలిపోయి బూడిద రంగులో కనిపిస్తే దాని సీఆర్‌ఐ, అంటే రంగులను ఉన్నవున్నట్టు చూపే గుణం, 70 దరిదాపుల్లో ఉన్నదని అనుకోవచ్చు. 90 దాటిన ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు ఎరుపులాగే ఉంటుంది. వైర్ల రంగులు పోల్చుకునేవారికి, దెబ్బ తగిలిన చోటు చూసేవారికి వెయ్యి ల్యూమెన్ల (టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) కన్నా ఈ గుణమే ఎక్కువ పనికొస్తుంది. నిచియా 519ఏ వంటి ఎల్‌ఈడీలు వాడిన టార్చిలను కొందరు ఏరికోరి తెప్పించుకునేది ఇందుకే. అవి మామూలు దుకాణంలో దొరకడం అరుదు, కానీ సీఆర్‌ఐ ఎక్కువ తక్కువల తేడా ఎలా ఉంటుందో కంటితో ఒకసారి చూస్తే తప్ప ఆన్‌లైన్ పేజీలో రాసిన అంకెకు అర్థం ఉండదు.

ఇక అంకెల సంగతి. టార్చిల కొలతలకు ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్ 1 అనే అమెరికా ప్రమాణం 2009లో వచ్చింది. ఇది నిర్బంధం కాదు, చాలామంది తయారీదారులు కొలతలు తామే తీసుకుంటారు. అయినా కొలిచే పద్ధతి ఒకటే కాబట్టి రెండు టార్చిలను పోల్చడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు. దీని ప్రకారం ల్యూమెన్లను టార్చి వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. వెలుగు మొదటి కొలతలో 10 శాతానికి పడిపోయేంత వరకు పట్టిన సమయాన్ని రన్‌టైమ్ అంటారు. నేల మీద నిండు పున్నమి వెన్నెల పాటి వెలుగుగా చెప్పే 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) మిగిలే చోటు దాకా ఉన్న దూరమే బీమ్ దూరం. ఈ నిర్వచనాలు తెలిసినవారికి పెట్టె మీది అంకెలు వేరే రకంగా కనిపిస్తాయి. 2000 ల్యూమెన్లు, 3 గంటలు అని పక్కపక్కనే ఉన్నంత మాత్రాన 2000 ల్యూమెన్లు 3 గంటలు వెలుగుతాయని కాదు. మూడు నిమిషాల్లో వేడెక్కి 500కు దిగిపోయి, ఆ తరువాత గంటల తరబడి అదే స్థాయిలో వెలిగినా ఆ రాత నిజమే అవుతుంది. ఇందులో మోసం లేదు. అరచేతిలో ఇమిడే లోహపు గొట్టం అంత వేడిని బయటికి పంపలేదు, అందుకని తనంతట తానే తగ్గుతుంది. ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫును ప్రచురించే తయారీదారు మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆ గ్రాఫును చూసే అవకాశం దుకాణంలో దాదాపుగా ఉండదు, ఆన్‌లైన్ కొనుగోలుకు ఉన్న అతిపెద్ద బలం అదే.

బీమ్ దూరాన్ని సరిచూసుకోవడానికి చిన్న లెక్క చాలు. క్యాండెలా (ఒక దిక్కుకు వెళ్లే వెలుగు తీవ్రతకు కొలత) అంకెకు వర్గమూలం కట్టి రెండుతో హెచ్చవేస్తే మీటర్లు వస్తాయి. 10,000 క్యాండెలాలకు 200 మీటర్లు, 40,000కు 400 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలాలు నాలుగింతలు కావాలి కాబట్టి, వేలెడంత టార్చి మీద ‘1000 మీటర్లు’ అని రాసి ఉంటే అది 2,50,000 క్యాండెలాలు వేస్తుందని చెబుతున్నట్టు. అంత చిన్న రిఫ్లెక్టరుతో ఆ మాట నమ్మశక్యం కాదు. ఇంకో మాట, 0.25 లక్స్ వెలుగులో మనిషి ఉన్నాడో లేదో చెప్పడమే కష్టం. రాసిన దూరంలో సగం దగ్గర 1 లక్స్ ఉంటుంది, వాడుకకు దానినే దూరంగా లెక్కపెట్టుకోవాలి.

ల్యూమెన్ల గొప్పలను తేల్చడం ఇంకా సులువు, ఎందుకంటే శక్తి ఎక్కడి నుంచో ఊడిపడదు. 18650 సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే లిథియం అయాన్ సెల్లు, మంచిదైతే దాని సామర్థ్యం చాలావరకు 3500 మిల్లీ యాంపియర్ అవర్ల దరిదాపుల్లో ఉంటుంది. 3.6 వోల్టుల లెక్కన అది 12.6 వాట్ అవర్లు. క్రీ సంస్థ 2010లో ప్రకటించిన, ఇప్పటికీ చవక టార్చిల మీద ‘టీ 6’ పేరుతో మోగిపోతున్న ఎక్స్‌ఎమ్-ఎల్ ఎల్‌ఈడీ 3 యాంపియర్ల వద్ద వాట్‌కు 100 ల్యూమెన్ల చొప్పున దాదాపు 1000 ల్యూమెన్లు ఇస్తుంది. ఈ లెక్కన ఒక సెల్లుతో 1000 ల్యూమెన్లు గంటంపావు వెలగాలి, 10,000 ల్యూమెన్లయితే ఎనిమిది నిమిషాలు కూడా వెలగవు. ఇప్పటి ఎల్‌ఈడీలు ఇంకా పొదుపైనవే అనుకున్నా, ఒకే సెల్లు, ఒకే చిన్న ఎల్‌ఈడీ ఉన్న టార్చి లక్ష ల్యూమెన్లు గంటల తరబడి ఇస్తుందన్న ప్రకటన ఏ దారినా పొసగదు. అలాంటి ప్రకటనలు దుకాణపు పెట్టెల మీదా ఉంటాయి, ఆన్‌లైన్‌లో అయితే మరీ విచ్చలవిడిగా ఉంటాయి. అంకె ఎంత పెద్దదైతే అంత అనుమానించడం తప్పు కాదు.

ఆన్‌లైన్ అన్నప్పుడు అందరు విక్రేతలనూ కలిపిన పెద్ద మార్కెట్ సైటు వేరు, తయారీదారు సొంత సైటు వేరు. మొదటి చోట ఒకే ఫొటో కింద అనేకమంది అమ్ముతుంటారు, ఎవరి సరుకు ఇంటికి వస్తుందో ఆర్డరు చివరి మెట్టు దాకా గమనించాలి. ఒక వస్తువుకు వచ్చిన పొగడ్తలను అలాగే ఉంచి, ఆ పేజీలో వస్తువును మార్చేయడం కూడా జరుగుతూ ఉంటుంది. సమీక్షలు ఫోను కవరును మెచ్చుకుంటూ టార్చి పేజీలో కనిపిస్తే విషయం అర్థమవుతుంది. పొలాన్నంతా పగలు చేసినట్టు చూపే ఫొటోలు కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచి తీసినవి కావచ్చు, వాటిని బట్టి నిర్ణయం తీసుకోకూడదు. ఐదు నక్షత్రాలు వేసినవారిలో ఎక్కువమంది పెట్టె విప్పిన రోజే రాస్తారు. నాకు పనికొచ్చేవి ఆరు నెలలు వాడాక స్విచ్చి చెడిందని, చార్జింగ్ ద్వారం మీది రబ్బరు మూత ఊడిందని రాసేవారి మాటలు. టార్చిల మీద ఆసక్తితో గోళాకారపు కొలత పరికరంలో పెట్టి వెలుగును నిమిషాలవారీగా కొలిచి చూపే స్వతంత్ర సమీక్షకులు ఆన్‌లైన్‌లో ఉన్నారు. కన్వాయ్, సోఫిర్న్, వుర్కోస్ వంటి పేర్లు మామూలు దుకాణాల్లో వినపడకపోయినా టార్చి ఔత్సాహికులందరికీ తెలియడానికి ఇలాంటి కొలతలే కారణం. నాణ్యతకు తగ్గ విలువ చూస్తే ఈ తయారీదారులతో దుకాణపు అర పోటీ పడలేదు.

అసలు చిక్కు బ్యాటరీ దగ్గర ఉంది, ఇక్కడ ఆన్‌లైన్ మార్కెట్‌ను గుడ్డిగా నమ్మడానికి వీల్లేదు. 18650 సెల్లు మీద 9900 మిల్లీ యాంపియర్ అవర్లని రాసి ఉంటే అది అబద్ధమని తూచకుండానే చెప్పవచ్చు. తూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. సరైన సెల్లు 45 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది, నకిలీది చాలా తేలికగా ఉండటం మామూలే. కొలతల్లోనూ తేడాలున్నాయి. రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు 65 మిల్లీమీటర్లకు మించి, దాదాపు 70 దాకా పొడవుంటుంది, కొన్ని టార్చిల్లో పట్టదు. కొన ఉబ్బెత్తుగా ఉన్నదా, చదునుగా ఉన్నదా అన్నదాన్ని బట్టి కొన్నింటిలో వెలగనే వెలగదు. విడి సెల్లు తెప్పించుకునేవారికి రవాణా నిబంధన ఒకటి తగులుతుంది. విడి లిథియం అయాన్ సెల్లను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయంగా నిషిద్ధం, సరుకు విమానాల్లో కూడా చార్జి 30 శాతానికి మించకూడదు. కొందరు విక్రేతలు సెల్లు లేకుండా టార్చి మాత్రమే పంపడానికీ, వచ్చిన సెల్లు సగం కూడా నిండి ఉండకపోవడానికీ ఇదే కారణం. కాబట్టి అందిన వెంటనే వెలిగించి మసకగా ఉన్నదని తీర్పు చెప్పకుండా, వెనక మూత దగ్గర పెట్టిన ప్లాస్టిక్ బిళ్ల తీసేసి, పూర్తిగా చార్జి చేసి చూడాలి. మామూలు ఏఏ సెల్లు, రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు అయితే సరుకు త్వరగా కదిలే దుకాణంలో తయారీ తేదీ చూసి కొనడమే నాకు ఇష్టం.

తిరిగి ఇచ్చే వెసులుబాటులో దుకాణానికి ఒక ఆధిక్యం ఉంది. రసీదు పట్టుకుని వెళితే ఎదురుగా మనిషి ఉంటాడు. ఆన్‌లైన్‌లో తిరిగి పంపే గడువు స్పష్టంగా రాసి ఉంటుంది కాని, గడువు దాటాక వారంటీ కింద పంపాలంటే లిథియం బ్యాటరీ ఉన్న పార్సిల్‌ను తీసుకోవడానికి కొరియర్లు వెనకాడవచ్చు. అందుకని వారంటీ కన్నా మొదటి గడువును వాడుకోవడం తెలివి. రాత్రి పూట ఒక గదిలో లైట్లు ఆర్పి, నిండా చార్జి చేసిన టార్చిని పైకప్పు వైపు నిలబెట్టి, ఫోనులో వెలుగును కొలిచే యాప్ తెరిచి కదలకుండా బల్ల మీద ఉంచి, కొంతసేపటికొకసారి అంకె రాసుకుంటే చాలు. ఆ అంకె నిజమైన ల్యూమెన్లు కాకపోయినా, వెలుగు ఏ తీరులో తగ్గుతోందో చూపుతుంది. వేడికి ఒక మెట్టు దిగి, అక్కడి నుంచి చివరి దాకా నిలకడగా ఉంటే లోపలి సర్క్యూటు మంచిది. మొదటి నిమిషం నుంచి జారుబండ మీద జారినట్టు ఒకే వాలులో తగ్గుతూ పోతే, సర్క్యూటు బ్యాటరీ వోల్టేజీకి అనుగుణంగా వెలుగును వదిలేస్తోందని అర్థం. తయారీదారు ప్రచురించిన గ్రాఫుకూ దీనికీ పొంతన లేకపోతే గడువులోగా తిరిగి పంపడానికి అంతకన్నా మంచి ఆధారం అక్కరలేదు.

ఆ గడువులోనే చూడవలసినది ఇంకొకటి చార్జింగ్ ద్వారం. చవక టార్చిల్లో యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నా, కొన్నిసార్లు దాని వెనక ఉండవలసిన రెండు చిన్న రెసిస్టర్లను పెట్టకుండా ఖర్చు మిగుల్చుకోవడం వల్ల, రెండు వైపులా సీ పిన్ను ఉన్న కేబులుతో అవి చార్జి కావు, పాత ఏ రకం పిన్ను ఉన్న కేబులుతోనే అవుతాయి. తయారీదారు తన సొంత అయస్కాంతపు కేబులు ఇచ్చిన టార్చిలు చూడముచ్చటగానే ఉంటాయి కాని, ఆ కేబులు పోతే మళ్లీ అదే తయారీదారు దగ్గరకు వెళ్లాలి. విడదీయగల ప్రామాణిక సెల్లు, మామూలు కేబులు ఉన్న టార్చికి ఈ బాధ లేదు. సెల్లు బలహీనపడినా, కేబులు పోయినా మరొకటి కొని వేసుకోవచ్చు, రబ్బరు వాషరు అరిగితే అదే సైజుది హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది.